పదకొండో నంబరు టేపు

రేడియో స్టేషన్లో అందరూ అతన్ని తక్కెడ అనేవారు. దేన్నయినా తూచి మార్కులు వేయకపోతే అతనికి తిన్నది అరగదు. క్యాంటీన్ టీకి పదికి నాలుగు, లిఫ్టు తలుపు చప్పుడుకి ఆరు, డైరెక్టర్ గారి తుమ్ముకి ఎనిమిదిన్నర. అలాంటి వాడికి 'ప్రపంచంలో పది గొప్ప సింఫనీ ఆర్కెస్ట్రాలు' అనే కార్యక్రమం అప్పగించారంటే కోతికి కొబ్బరికాయ దొరికినట్టే.

ఆ ఏడాది వాన పట్టిందంటే వదల్లేదు. నీళ్లు కారుతున్న గొడుగుతో అతను కింది అంతస్తులోని రికార్డుల గదికి దిగాడు. ఆ వారమే అక్కడికి బదిలీ మీద వచ్చిన అమ్మాయి బల్ల వెనక కూర్చుని అట్టలకు నంబర్లు అంటిస్తోంది.

"తడి గొడుగు బయట," అంది తలెత్తకుండా.

గొడుగు బయట పెట్టి వచ్చాడు. "ఆర్కెస్ట్రాల ర్యాంకింగ్ ప్రోగ్రాంకి రికార్డులు కావాలి."

"ర్యాంకులు ఎవరిస్తారు?"

"నేనే."

"మీరొక్కరేనా? వందమంది ఏళ్ల తరబడి సాధన చేసి వాయిస్తే, మీరు కుర్చీలో వెనక్కి వాలి వీళ్లు మూడు, వాళ్లు నాలుగు అంటారన్నమాట. బావుంది."

"కొత్తగా నేను కనిపెట్టేదేం లేదండీ. తీగ వాద్యాలకి వియన్నా, ఇత్తడి బూరలకి షికాగో, మొత్తం మీద ఆమ్‌స్టర్‌డామా బెర్లినా అన్నదే ఎప్పుడూ ఉండే తగువు."

"దూరపు కొండలు నునుపు. అట్ట మీద ఊరి పేరు చూసి మార్కులు వేసేయండి, ఇంక వినడం కూడా దేనికి?"

తక్కెడకు ఆ మాట చురుక్కుమని తగిలింది. "సరే, పేర్లు చూడను. అందరిదీ ఒకే సింఫనీ, అందులో నెమ్మదిగా సాగే ఆ స్లో మూవ్‌మెంట్ ఒక్కటే టేపుల మీదికి ఎక్కించండి. పేర్లు మీ దగ్గర, నంబర్లు నా దగ్గర."

"పదకొండు టేపులు చేస్తాను. ఒకరన్నా బయటికి పోకపోతే పోటీ ఏముంది?" అంది ఆమె. అప్పుడు తలెత్తి చూసింది. ఆ చూపుకి ఎన్ని మార్కులో తేలక అతను గొడుగు మరిచిపోయి మేడెక్కాడు.

రోజుకొక టేపు. మధ్యాహ్నం మూడింటికి, రికార్డుల గది చివర గాజు తలుపున్న చిన్న గదిలో ఇద్దరూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఎదురెదురుగా కూర్చునేవారు. ఆ స్లో మూవ్‌మెంట్లో తీగలన్నీ ఆగిపోయి ఓబో ఒక్కటే ఎత్తుకునే చోటుంది. ఓబో అంటే ఊదే వాద్యం, మన సన్నాయికి దూరపు చుట్టం. అతను మార్కులు వేసేది అక్కడే.

"నాలుగో నంబరు వాళ్లు అందరూ కలిసి ఒకే ఊపిరి తీసుకుంటున్నారు, వినండి."

"విన్నాను. ఏడో నంబరు?"

"అందమంతా ఉంది. కానీ అద్దంలో చూసుకుంటూ వాయిస్తున్నట్టుంది."

ఆమె ఫక్కున నవ్వింది. పేరు బయటపడుతుందేమోనని వెంటనే పెదాలు బిగించేసింది. ఆ రోజు నుంచి అతను తన తీర్పుల్లో వెటకారం కాస్త ఎక్కువ కలిపాడు. ఆమె కూడా గొడుగు ఎక్కడ పెట్టాలో చెప్పడం మానేసింది. అతనికి ఆ అమ్మాయి మీద ప్రేమ కలిగిందని అతనికంటే ముందు లిఫ్టు నడిపేవాడికి తెలిసింది.

పదకొండో రోజున వచ్చిన టేపు వేరుగా ఉంది. హాలు చిన్నది, వయొలిన్లు తక్కువ. తీగలు ఆగాయి. జనంలో ఎవరో దగ్గారు. ఓబో రావలసిన చోట రాలేదు. ఒక బీట్, అంటే ఒక తాళం దెబ్బ, ఖాళీగా పోయాక వచ్చింది.

అతను చీటీ మీద రాసి, అలవాటు ప్రకారం పైకి చదివాడు. "పదకొండో నంబరు, చివరి స్థానం. వయొలిన్లు మనసు పెట్టాయి, బలం చాల్లేదు. ఓబో ఒక బీట్ ఆలస్యం. ముందు వచ్చిన దగ్గు ఆ వాద్యగాడు విన్నాడు. గొప్ప ఆర్కెస్ట్రాలో ఉన్నవాడు దగ్గు వినడు." అక్కడితో ఆగితే బాగుండేది. "ఇదెవరు వెతికి పట్టుకొచ్చారో గానీ, కాకి పిల్ల కాకికి ముద్దు," అని నవ్వాడు.

ఆమె నవ్వలేదు. "ఇక్కడ పిల్లకాకిని నేను. ఆ ఓబో ఊదింది మా నాన్న."

అతను చెయ్యి చాచి టేపు ఆపాడు.

"మన ఊరి ఆర్కెస్ట్రా. మూసేసి నాలుగేళ్లయింది. అది వాళ్ల ఆఖరి కచేరీ. ఆయనకి ఊపిరి చాలడం లేదన్నారు అందరూ. నేనూ అన్నాను, ఇంక చాల్లే నాన్నా అని. ఆ తర్వాత రెండు నెలలకి అమ్మ పోయింది. ఓబో పెట్టె మళ్లీ తెరవలేదు ఆయన." ఆమె హెడ్‌ఫోన్స్ తీసేసింది. "రేడియోలో పదో స్థానమైనా వస్తే తెరుస్తారేమో అనుకున్నాను. పదోది చాలు అనుకున్నాను."

అతను చీటీ బల్ల మీద పెట్టాడు.

"మార్చగలరా?" అని అడిగింది.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. మారుస్తానంటే ఆమె దక్కుతుంది. కానీ ఆ మాట అన్నవాడి చెవిని ఆమె ఇంకెప్పుడూ నమ్మదు, అతనూ నమ్మడు.

"లేను," అన్నాడు.

ఆమె చీటీ తీసుకుని వెళ్లిపోయింది.

నాలుగు రోజులు కావలసిన రికార్డులు రికార్డుల గది కిటికీలోంచి వచ్చాయి, మాట రాలేదు. టీకి మార్కులు వేయడం కూడా మానేశాడతను. ఐదో రోజు ఆమే మేడెక్కి వచ్చింది. కళ్లు వాచి ఉన్నాయి.

"ఆ చీటీ నా సంచిలో నాన్న చూశారు. మిమ్మల్ని తీసుకురమ్మన్నారు."

"తిడతారా?"

"తెలీదు. చదివిన దగ్గర్నుంచీ సరిగా తినడం లేదు."

మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. పాటల కాగితాలు పెట్టుకునే స్టాండు మీద తువ్వాలు ఆరేసి ఉంది. బీరువా మీద నల్లటి సన్నని పెట్టె, దాని మీద దుమ్ము. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన చేతిలో ఆ చీటీ ఉంది.

"దగ్గు విన్నాడని రాశావు. నీకెలా తెలిసింది?"

తక్కెడ నిలబడే చెప్పాడు. "మీరు ఊపిరి తీసుకున్న చప్పుడు టేపులో ఉందండీ. టైముకే తీసుకున్నారు, నిండా తీసుకున్నారు. తీసుకుని ఆపేశారు. ఊపిరి చాలని వాళ్లు అలా చేయరు."

పెద్దాయన చీటీ మడిచాడు. తర్వాత కూతురి వైపు తిరిగాడు.

"అది మీ అమ్మ దగ్గు, తల్లీ."

ఆమె గుమ్మం పట్టుకుంది.

"ఇంట్లో నా ముందు ఒక్కసారి దగ్గలేదు. బాత్రూంలోకి పోయి కొళాయి తిప్పేది. నీళ్ల చప్పుడనుకున్నా. గొప్ప చెవి గలవాణ్ణని ఊరంతా అనేది నన్ను! ఆ రోజు హాల్లో కొళాయి లేదు. మూడో వరసలో మీ అమ్మ దగ్గింది. ఆ దగ్గు ఎంత లోపలి నుంచి వచ్చిందో నాకొక్కడికే తెలిసింది. ఇంకెలా ఊదను?"

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"నీకు చెప్తే ఆవిడకి తెలిసేది. నా దగ్గు వల్లే మీరు తప్పారా అని ఉన్న రెండు నెలలూ కుమిలిపోయేది. ఊపిరి పోయిందనుకుంటే పోయేదేముంది, అనుకోనీ అన్నాను."

ఆమె వచ్చి తండ్రి కాళ్ల దగ్గర కూలబడి, ఆయన మోకాలి మీద తల పెట్టి ఏడ్చింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక తక్కెడ స్టాండు మీది తువ్వాలు సర్దాడు.

"సార్, నేను ఆ స్థానం మళ్లీ..."

"మార్చావంటే కాళ్లు విరగ్గొడతా," అన్నాడు పెద్దాయన. "పదకొండే సరి. ఆలస్యం ఆలస్యమే. నాలుగేళ్లలో ఆ బీట్ ఎందుకు పోయిందో విన్నవాడివి నువ్వొక్కడివి. కూర్చో." కూతురి తల నిమురుతూ అన్నాడు, "ఇది వాళ్లమ్మ పోలిక. కొళాయి తిప్పే రకం. దీని పక్కన ఉండేవాడికి చెవి ఉండాలి."

"వింటానండీ," అన్నాడు అతను, అడక్కుండానే.

"నన్నెవరూ అడగరా?" అంది ఆమె, ముక్కు తుడుచుకుంటూ.

"అడుగుతున్నాను."

"ప్రోగ్రాం అయ్యాక చెప్తాను."

ఆదివారం సాయంత్రం లైవ్. అతను మైకు ముందు, ఆమె గాజుకు అవతల రికార్డులు వేస్తూ. పదో స్థానం నుంచి పైకి, ఎవరి తీగలు ఎలాంటివో, ఎవరి ఇత్తడి ఎంత మెత్తనో చెప్పుకుంటూ రెండు దాకా వచ్చాడు.

"ఇక ప్రపంచంలో మొదటి స్థానం..."

హెడ్‌ఫోన్స్‌లో ఆమె దగ్గు వినిపించింది. అతను ఆగిపోయి గాజు వైపు తిరిగాడు. ఆమె ఏం లేదన్నట్టు చెయ్యి ఊపి, వానలో తడిశానన్నట్టు మూల ఉన్న తడి గొడుగు చూపించింది. అప్పుడు గానీ అతనికి పేరు నోటికి రాలేదు.

ప్రోగ్రాం ముగిసి ఎర్ర దీపం ఆరిపోగానే ఫోన్ మోగింది.

"బీటున్నర ఆలస్యం," అంది పెద్దాయన గొంతు. "నా కంటే ఎక్కువే."

"క్షమించండి."

"నువ్వు ఆగావంటే అది దగ్గి ఉండాలి. దానికెలా ఉంది?"

"జలుబేనంటోంది."

"అది అన్న మాట నమ్మకు. పొద్దున్నే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లు. మొదటి స్థానం ఎవరికిచ్చావో నేను పట్టించుకోలేదు గానీ..."

"చెప్పమంటారా?"

"వద్దులే. ఇప్పుడే పెట్టె దించాను. నోట్లో పెట్టుకునే రీడు ఎండి పగిలిపోయింది. వచ్చేటప్పుడు కొత్తది తీసుకురా."

అతను ఫోన్ పెట్టేసరికి ఆమె గాజు తలుపు తీసుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"నాన్న ఏమన్నారు?"

"చివరి స్థానం. బీటున్నర."

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సరే," అంది. "ఆ రోజు నాన్న ముందు నువ్వు అడిగావుగా. దానికి."