సుబేదారి స్టూడియోలో 0.8 గిగాహెర్ట్జ్

సారంగపాణి తల మూడుచోట్ల పగిలింది. నెత్తురు గోడెక్కి, క్యాలెండర్‌లో ఆ నెల ముహూర్తాలన్నిటినీ తడిపేసింది. ఎముక ముక్క ఒకటి ఎగిరి, ఆల్బంలో నవ్వుతున్న పెళ్లికొడుకు బుగ్గ మీద పడింది.

శుక్రవారం, మధ్యాహ్నం 3.10. సుబేదారిలో అతని పెళ్లి వీడియోల స్టూడియో. శవాన్ని మొదట చూసింది పార్ట్‌నర్ కుమారస్వామి. చావు ఒంటిగంటకూ రెండింటికీ మధ్య అని డాక్టర్ చెప్పాడు.

ఆయుధం దొరకలేదు. మనిషి మాత్రం దొరికాడు. కంప్యూటర్ మెకానిక్ అమ్జద్. ఒంటిగంటకు సారంగపాణితో అతను గొడవపడటం పక్క టైలర్ షాపు సోమక్క విన్నది.

శనివారం ఉదయం 11.20కి అమ్జద్ ముఖం ముఖంలా లేదు. ఎస్ఐ హరికృష్ణ చెయ్యి అలాంటిది. ఆయన ఇక్కడ చెంప మీద కొడితే ములుగు అడవిలో కోతులు చెట్లు మారతాయని స్టేషన్‌లో చెప్పుకుంటారు. నాలుగింటికి మేజిస్ట్రేటు ముందు హాజరు. ఆ తర్వాత జైలు. ఏడో నెల కడుపుతో అతని భార్య నాజియా స్టేషన్ మెట్ల మీద కూర్చుంది.

ఇన్‌స్పెక్టర్ శకుంతల లోపలికి వచ్చింది. స్టూడియో నుంచి సీజ్ చేసిన కంప్యూటర్ ముందు హరికృష్ణ చెమటలు కక్కుతున్నాడు.

"ఏందయ్యా, ఇంకా తెరుచుకోలేదా?"

"నలభై నిమిషాలాయె మేడం, ఒక్క ఫోల్డర్. ఈ స్పీడ్‌కు పెళ్లి వీడియో కాపీ అయ్యేలోపు పెళ్లికూతురు బాలింతైతది."

"బాగుచేసేటోడు లోపలే ఉన్నడు కదా. తీస్కరా."

బేడీలతోనే కూర్చోబెట్టారు. అమ్జద్ పెదవి నుంచి కీబోర్డు మీద రెండు చుక్కలు రాలాయి.

"మూడు పాయింట్ ఆరు గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ మేడం. సున్నా పాయింట్ ఎనిమిది మీద నడుస్తాంది."

"అంటే?"

"టాప్ గేర్ల ఉరికే బండి నెట్టుకుంట పోయినట్టు."

"నిన్న కూడా ఇట్లనే ఉండెనా?"

"లేదు మేడం. స్పీడ్ మంచిగుండె. ఫ్యాన్ మోత చేస్తాందని పిలిచిన్రు."

పవర్ సెట్టింగులు చూశాడు. సరిగ్గా ఉన్నాయి. వేడి చూశాడు. వంద డిగ్రీలు.

"ఇంత కాలితే ప్రాసెసర్ దానంతటదే స్పీడ్ తగ్గించుకుంటది. కానీ..." అమ్జద్ ఆగాడు. "మేడం, ఈ డబ్బా ఎవరు బిగించిన్రు?"

"నువ్వు కాదా?"

"ప్రాసెసర్ వేడి గుంజే హీట్ సింక్ ఇప్పి బల్ల మీద పెట్టిన. దాని అడుగున పాత పేస్ట్ ఎండి ఉండె, కొత్తగ పూద్దమంటే నా దగ్గర అయిపోయింది. జుమ్మా నమాజ్ చదివి, పేస్ట్ కొనుక్కొని వస్తనన్న. ఆలస్యమైతదని సారంగపాణన్న లొల్లి పెట్టిండు. నేనొచ్చేసరికి పోలీసులున్నరు. నిన్నంతా ఇదే మొత్తుకున్న."

హరికృష్ణ మూలిగాడు. "మసీదుల వెయ్యిమంది ఉంటరు. నడుమల లేచిపోతే ఎవడు చూసిండు?"

"ఇప్పు," అంది శకుంతల అమ్జద్‌తో.

నాలుగు స్క్రూలు ఊడాయి. హీట్ సింక్ బయటికొచ్చింది. రాగి దిమ్మె, దాని మీద వరుసగా పలుచని రేకులు. కిలో బరువుంటుంది. అడుగున పేస్ట్ చుక్క లేదు. ఎవరో గీకి గీకి అద్దంలా కడిగారు. రేకుల సందుల్లోకి మాత్రం నీళ్లు పోలేదు. అక్కడ ఏదో నల్లగా మాడి అంటుకుంది. దానిలో రెండు నెరసిన వెంట్రుకలు.

కాలిన మాంసం వాసన గదంతా పాకింది.

12.05కి కుమారస్వామిని రప్పించారు. కుడి అరచేతికి కట్టు.

"చెయ్యికేమైంది?"

"ఆల్బం కట్టర్ తగిలింది మేడం."

"ఎప్పుడు?"

"నిన్న పొద్దుగాల."

"స్టూడియోకు ఎప్పుడొచ్చినవ్?"

"మూడు పది."

"అప్పుడు కంప్యూటర్ ఎట్లుండె?"

"నడుస్తాంది. ఈడు రిపేర్ చేసి, మనిషిని సంపి పోయిండు."

"కట్టు ఇప్పు."

విప్పలేదు. హరికృష్ణ పీకేశాడు. అరచేతి నిండా, దువ్వెనతో గీసినట్టు, వరుస కోతలు. శకుంతల హీట్ సింక్‌ను ఆ అరచేతి పక్కన పెట్టింది. రేకు రేకుకూ ఒక కోత.

"కట్టర్‌కు ఒక్కటే బ్లేడు కుమారస్వామీ. దీన్ని పట్టుకొని మూడుసార్లు కొట్టినవ్. కొట్టినప్పుడల్లా నీ చెయ్యి కూడా తెగింది. అమ్జద్ చేతులు చూడు, గీత లేదు. నడిచే కంప్యూటర్ల ఆయుధం ఎవరు ఎతుకుతరని కడిగి లోపల పెట్టినవ్. వాడు స్క్రూలు బిగిస్తుంటే ఎన్నోసార్లు చూసినవ్. అడుగున ఉన్న ఆ బూడిదరంగు పాత పేస్ట్ మాత్రం మురికి అనుకున్నవ్. నెత్తుటితో పాటు గీకేసినవ్. మెకానిక్ ఎవడూ పేస్ట్ లేకుండ బిగియ్యడు."

బల్ల మీది స్క్రూడ్రైవర్ కుమారస్వామి చేతిలోకి వచ్చింది. అమ్జద్ గొంతు మీదికి దూకాడు. అమ్జద్ చేతులెత్తాడు. మొన బేడీల గొలుసుకు తగిలి జారి, ముంజేతిని మోచేయి దాకా చీల్చింది. రెండో పోటు పడేలోపే శకుంతల లాఠీ కుమారస్వామి మణికట్టు మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినపడింది.

"పన్నెండేండ్లు మేడం!" నేల మీద పొర్లుతూ అరిచాడు. "స్టూడియోకు కొత్త బోర్డు రాయించిండు. నా పేరు లేదు. ఏందన్నా అంటే నవ్విండు. బల్ల మీద అదే దొరికింది."

12.40కి బేడీలు చేతులు మారాయి.

"రా తమ్మీ," హరికృష్ణ గొంతు సవరించుకున్నాడు. "దవాఖానకు జీపుల దింపుత."

"వద్దు సార్. మీ జీపు ఎక్కితే ఏడ దిగుతనో ఫికర్."

నాజియా లోపలికి వచ్చింది. ముంజేతి గాయాన్ని తన చున్నీతో బిగించి కట్టింది. తర్వాత భర్త ముఖాన్ని వెలుతురుకు తిప్పి చూసింది. వాచిన కన్ను, చిట్లిన పెదవి, చెంప మీద ఐదు వేళ్లు.

"చెయ్యి వాడు కోసిండు. మరి ఇది?"

శకుంతల ఒక తెల్లకాగితం, పెన్ను ఆమె ముందుకు జరిపింది.

"అది ఇంకో కేసు. రాయి బిడ్డా."

హరికృష్ణ చేతులు రెండూ మెల్లగా జేబుల్లోకి వెళ్లిపోయాయి.