వశిష్ఠ రేవులో స్లో లీక్

కాకినాడ ఫిషింగ్ హార్బర్‌లో వల లాగుతున్నవాళ్ళకి ఆ ఉదయం చేపలతో పాటు ఒక శవం దొరికింది. మెడలో ఇంకా ఐడీ కార్డు వేలాడుతోంది. గ్యాస్ పైప్‌లైన్ల కంట్రోల్ రూమ్‌లో ఇంజనీర్. వెన్నులో బుల్లెట్.

"అతని దగ్గర ఉండాల్సిన ఎలక్ట్రానిక్ మాస్టర్ కీ లేదు," అన్నాడు ఇంటెలిజెన్స్ చీఫ్ భీమరాజు, రాజమండ్రి ఆఫీసులో తలుపు మూసి. "అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. కోనసీమ పొలాల కింద నడిచే గ్యాస్ పైపుల సేఫ్టీ వాల్వులన్నీ దాని మాటే వింటాయి. అది ఎవడి చేతిలో ఉంటే, ఏ ఊరు ఎప్పుడు తగలబడాలో వాడే నిర్ణయిస్తాడు."

"ఎవరి పని సార్?" అడిగాడు ఏజెంట్ శాంతికుమార్.

"విదేశీ ముఠా. ఇక్కడ వాళ్ళ మనిషి రమేష్ బాబు. కీని ఒక పెద్ద టూరింగ్ బైక్‌లో ఎక్కడో దాచాడు. నరసాపురం రేవు దాటించి సముద్రం ఒడ్డున బోటుకి అందించాలి. కానీ బైక్ వెనక ఎయిర్ సస్పెన్షన్‌లో స్లో లీక్. గాలి నింపిన కాసేపటికే కూర్చుండిపోతోంది. మెకానిక్ కోసం వెతుకుతున్నాడు."

"ఆ మెకానిక్‌ని నేను."

"అవును. వాళ్ళలో మన ఏజెంట్ ఉంది, సుప్రియ. లేసు ఎక్స్‌పోర్టర్ వేషం. కొన్నాళ్ళుగా కబురు లేదు. ఇంకా మనదేనో కాదో..." చీఫ్ ఆ మాట పూర్తి చెయ్యలేదు. గాలి ఎంతుందో చూసే ప్రెషర్ గేజ్ ఒకటి చేతిలో పెట్టాడు. "లోపల ట్రాన్స్‌మిటర్ ఉంది. కీ ఎక్కడుందో తెలిశాకే నొక్కు. తొందరపడితే అది ఇంకో దారిన పోతుంది, మళ్ళీ దొరకదు."

మధ్యాహ్నానికి శాంతికుమార్ గ్రీజు చొక్కాతో నరసాపురం రేవు పక్క రేకుల షెడ్డులో ఉన్నాడు. బైక్ సెంటర్ స్టాండ్ మీద ఉంది. దాని పక్కన నల్ల కళ్ళద్దాలు, ఎర్ర పట్టుచీరతో సుప్రియ నిలబడి ఉంది.

అతను కోడ్ వేశాడు. "మేడమ్, మా చెల్లెలి పెళ్ళికి పెద్ద పువ్వు లేసు దొరుకుద్దాండి?"

'ఆర్డరిస్తే అల్లిస్తాం' అనాలి. ఆమె అనలేదు.

"వచ్చిన పని చూడు. లేసుతో నీకేంటి?"

శాంతికుమార్ టూల్ బ్యాగ్ కింద పెట్టాడు. అంటే ఈమె మనది కాదు.

తలుపు దగ్గరున్న రమేష్ బాబు వచ్చి ఆ బ్యాగ్ కుమ్మరించాడు. అతని ఫోన్ తన జేబులో వేసుకున్నాడు. గేజ్ చేత్తో తూచి చూసి, "ఇంత బరువేంటయ్యా ఇది? నా గేజ్ వాడు," అని కిటికీలోంచి గోదాట్లోకి విసిరేశాడు. తర్వాత స్టూలు మీద కూర్చుని తువ్వాలు ఒళ్ళో వేసుకున్నాడు. తువ్వాలు కింద పిస్టల్ గొట్టం ఇటే తిరిగి ఉంది.

పిలవడానికి ఎవరూ లేరు. ఇక మిగిలింది నిజంగానే రిపేర్ చెయ్యడం.

శాంతికుమార్ గాలి నింపాడు. సబ్బు నీళ్ళు కలిపి బ్రష్‌తో ముందు వాల్వ్ మీద రాశాడు. బుడగ లేదు. ఎయిర్ పైపు జాయింట్ల మీద రాశాడు. లేదు. గాలి నిండే రబ్బరు తిత్తి ముడతలు ఒక్కొక్కటీ వేలితో విడదీసి రాశాడు. అక్కడా లేదు. గేజ్ ముల్లు మాత్రం మెల్లగా దిగుతోంది.

"స్టాండ్ మీదుంటే దొరకదండి. బరువు పడాలి. దించి కూర్చోండి."

రమేష్ బాబు తువ్వాలు కింది పిస్టల్ వదలకుండానే బైక్ ఎక్కాడు. అప్పుడు కనిపించాయి, రబ్బరు తిత్తి కింది మూత అంచున గసగసాలంత బుడగలు. ఒకటి పగిలితే ఒకటి. శాంతికుమార్ వంగి చూశాడు. మూతకీ, గాలి పోకుండా ఆపే ఓ-రింగ్‌కీ మధ్య సన్నటి తెల్ల దారం కొస. క్రోషే దారం. లేసు అల్లే దారం.

అతను తల ఎత్తలేదు. ఎత్తితే మొహం పట్టిస్తుంది. ఈ లీకు పెట్టింది సుప్రియ. బైక్ కదలకుండా ఆపుతున్నది ఈమె.

"మూత విప్పి శుభ్రం చెయ్యాలండి."

తువ్వాలు పక్కకి జరిగింది. "విప్పొద్దు. బయట నుంచే బిగించు."

అంటే కీ లోపలే ఉంది. తెలిసింది. తెలిసి ఏం లాభం?

రెంచ్ పట్టుకున్నాడు. ఆమె ప్రాణం మీదికి తెచ్చుకుని పెట్టిన దారాన్ని తనే నొక్కేస్తున్నాడు. చివరి బోల్ట్‌ని బిగిసే హద్దు దాటించి ఇంకాస్త తిప్పాడు. అల్యూమినియం మర చేతికింద మెత్తబడింది. గట్టి కుదుపుకి మూత ఊడొచ్చు. ఊడకపోనూవచ్చు.

సబ్బు నీళ్ళు రాశాడు. ఒక్క బుడగ లేదు.

"శభాష్," అన్నాడు రమేష్ బాబు. "నువ్వూ రా. అవతలి ఒడ్డు దాకా."

రేవు దాటించే పంటు ఎక్కే పలక మీద బైక్ దడదడలాడింది. మూత ఊడలేదు. చేపల గంపలతో ఆడవాళ్ళు, ఒళ్ళో పిల్లలతో తల్లులు. ఇంతమంది మధ్య అరిస్తే తుపాకీ ఎటు పేలుతుందో. శాంతికుమార్ కళ్ళు ఆ బోల్ట్ మీదే ఉన్నాయి. గోదావరి అలలకి పంటు ఊగింది. బోల్ట్ కదల్లేదు. జీవితంలో ఇంత బాగా ఏ పనీ చెయ్యలేదేమో అనిపించి తన చేతుల మీద తనకే కోపమొచ్చింది.

సఖినేటిపల్లి ఒడ్డు వచ్చేసింది. పైన గట్టు మీద ముఠా కారు, ఇంజన్ ఆపకుండా, ఎదురు చూస్తోంది. రమేష్ బాబు బైక్ స్టార్ట్ చేశాడు. సుప్రియ వెనక ఎక్కింది. ముందు చక్రం ఒడ్డు తాకింది. వెనక చక్రం పలక అంచు మీద దబ్బుమని పడింది.

టప్!

బైక్ వెనక భాగం ఒక్కసారిగా కూలబడి టైరు మడ్‌గార్డ్‌కి పట్టేసింది. రమేష్ బాబు హ్యాండిల్ మీదికి తూలుతూనే పిస్టల్ తీశాడు. సుప్రియ అప్పటికే అతని మణికట్టు మెలి తిప్పేసింది. పిస్టల్ నీళ్ళలో పడింది. ఊడిన మూతలోంచి నల్ల ప్లాస్టిక్ పొట్లం పలక మీదుగా జారింది. శాంతికుమార్ బోర్లా పడి నీటి అంచున దాన్ని ఒడిసిపట్టాడు. పైన కారు దుమ్ము రేపుకుంటూ పారిపోయింది.

సుప్రియ రమేష్ బాబు వీపు మీద మోకాలు ఆనించి రొప్పుతోంది. "కోడ్‌లో నేను చెప్పాల్సిన జవాబు వీళ్ళకి తెలిసిపోయిందండి. అది నా నోట వచ్చుంటే ఇద్దరం పోయేవాళ్ళం. నేను పడరాని పాట్లు పడి లీకు పెడితే, మీరొచ్చి బిగించేస్తారా!"

అతను పొట్లాన్ని చొక్కా లోపలికి దోపుకున్నాడు.

వెనక దిగలేక ఆగిపోయిన జనం గోల మొదలెట్టారు. చేపల గంప దించి ఒకామె కేకేసింది: "దారికడ్డంగా ఈ బండేంటండీ! ఎవడు బాగుచేశాడు దీన్ని?"

శాంతికుమార్ లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"నేనేనండి. అవతలి ఒడ్డు దాకానే గ్యారంటీ."