మిడ్ నాబ్

ఊరంతా ఆయన్ని పాముచెవి అనేది. దోమ తుమ్మితే ఏ శ్రుతిలో తుమ్మిందో చెప్పగల మొనగాడు మరి. రెండు వీధుల అవతల ఎవరో గిటారు వాయిస్తుంటే, నాలుగో తీగ వెంట్రుకవాసి వదులైందని మంచం మీంచే చెప్పాడు ఒకసారి. గిటార్లు చేసేవాళ్లు కొత్త సరుకుని ముందు ఆయనకే పంపేవాళ్లు, నాదం ఎలా ఉందో తేల్చమని.

ఆ మధ్యాహ్నం వచ్చింది ఒక నల్లటి బేస్ గిటారు. నాలుగు లావుపాటి తీగలు. నాదాన్ని పెంచి తగ్గించే నాలుగు నాబులు: వాల్యూమ్, బేస్, మిడ్, ట్రెబుల్. విప్పిన పెట్టెలోంచి తడిమట్టి వాసన. వైరు ఒక కొస గిటారుకీ, రెండో కొస స్పీకరుకీ గుచ్చి ఒళ్లో పెట్టుకున్నాడు.

“ఏమండీ, అన్నానికి లేస్తారా?” వంటింట్లోంచి భార్య.

“ఐదు నిమిషాలే.”

“మీ ఐదు నిమిషాలు నాకు తెలీనివా? కూర రెండుసార్లు వేడిచేశాను. చీమ నడిచినా వినిపిస్తుంది గానీ, నా మాటే వినిపించదు.”

లావు తీగ మీటాడు. నేల అదిరింది, కిటికీ అద్దాలు వణికాయి. తేనెలో ముంచి తీసినట్టుంది నాదం. సన్నటి శబ్దాల నాబ్, ట్రెబుల్ తగ్గించాడు. తీగ మీద వేలు గీరుకునే చప్పుడు పోయింది. బాగుంది.

గోడ గడియారం టిక్కుటిక్కు కూడా పోయింది...

చూశాడు. ముల్లు తిరుగుతూనే ఉంది. నాబ్ పెంచాడు. టిక్కుటిక్కు వచ్చింది.

చెవులు పోతున్నాయా? అవి పోతే పాముచెవి ఎవడు? లోపం చెవుల్లోనా, నాబ్‌లోనా, తేల్చుకోవాలి. మనిషి గొంతు పలికేది మిడ్‌లో. ఆ నాబ్‌ని సున్నా దాకా తిప్పేశాడు.

భార్య గరిటెతో గుమ్మంలోకొచ్చింది. పెదాలు కదిలాయి. మాట లేదు. గరిటె జారి పడితే ఖంగుమని వినిపించింది. గడియారమూ వినిపిస్తోంది.

చెవులు బాగానే ఉన్నాయి.

ఆమె తన గొంతు పట్టుకుంది...

గబగబా నాబ్ వెనక్కి తిప్పాడు. ఆమె గొంతు రాలేదు. చివరంటా పెంచాడు. వచ్చింది. స్పీకరులోంచి.

“ఏమండీ... ఇక్కడ, లోపల ఎవరో ఉన్నారు... వైరు మాత్రం పీక...”

భయంతో చెయ్యి అప్పటికే వైరు లాగేసింది. నిశ్శబ్దం.

మళ్లీ గుచ్చాడు. స్పీకరు పలకలేదు. భార్య నోరు తెరుచుకుంది.

“...కండి, అంది కదా.”

ఆమె నోట్లోంచి బొంగురు మగగొంతు. ఆయన ఎన్నడూ వినని గొంతు.

ఆమె బెదిరిపోయి రెండు చేతులతో నోరు మూసుకుంది.

గొంతు మాట్లాడుతూనే ఉంది...