ఆరంతస్తుల మేడలో నల్లుల రాణి

మువ్వలకొండ రాజ్యంలో ఒక ఏడు వరద వచ్చి కోట బయటి ఇళ్లన్నీ కొట్టుకుపోయాయి. నిలువ నీడ లేని వాళ్లందరికీ రాజుగారు ఆరంతస్తుల రాతిమేడ కట్టించి ఇచ్చారు. అంతస్తుకు నాలుగేసి కుటుంబాలు, అందరికీ ఒకటే మెట్లదారి. అంత ఎత్తు మేడ మరే రాజ్యంలోనూ లేదని అందులోవాళ్లు గొప్పగా చెప్పుకొనేవారు. ఒక్క సంగతి మాత్రం చెప్పుకొనేవారు కాదు. ఆ మేడ నిండా నల్లులున్నాయి.

నల్లులున్న ఇల్లని పేరు పడితే పెళ్లి సంబంధాలు రావు. అందుకని ఎవరింట్లో వాళ్లు గుట్టుగా గోక్కునేవారు. పక్కవాళ్లు లేని సమయం చూసి మంచాన్ని మెట్ల మీదికి తెచ్చి, దాని కోళ్లను నేలకేసి కొట్టి, రాలిన నల్లుల్ని చీపురుతో కింది అంతస్తువాళ్ల గుమ్మంలోకి తోసేసేవారు. కిందివాళ్లు తమ కిందివాళ్ల గుమ్మంలోకి తోసేవారు. చివరికి అన్నీ అడుగున ఉన్న గదిలోకి చేరేవి. ఆకలేసినప్పుడు గోడ సందుల్లోంచి మళ్లీ పైకి పాకేవి.

ఆ అడుగు గదిలో సన్యాసమ్మ ఇద్దరు పిల్లలతో ఉండేది. ఆమె నులక మంచాలు అల్లుతుంది. మేడలో మంచాలన్నీ ఆమె చేతి మీదుగా వచ్చినవే. కూతురు పైడి పెద్దగా మాట్లాడేది కాదు, అన్నీ చూస్తూ ఉండేది. కొడుకు అప్పన్న ఇంకా పాకే బిడ్డ. వాడి వీపు మీద చెయ్యి వేయడానికి దద్దుర్లు లేని చోటు ఉండేది కాదు.

ఒకనాడు నల్లులు కోటలోకి చేరి రాజుగారి పరుపెక్కాయి. రాజు మండిపడి మేడపెద్దను పిలిపించాడు. మేడపెద్ద భూపతిరాయుడు పై అంతస్తులో ఉంటాడు. ఇదంతా అడుగింటి మంచాల వల్లేనని అతడు విన్నవించాడు. వెనక నిలబడ్డ మేడవాళ్లంతా ఔనని తలలూపారు. వాళ్లలో ప్రతి ఒక్కరి చీపురూ పైడికి తెలుసు.

పున్నమి నాటికి సన్యాసమ్మ కుటుంబం మేడ విడిచిపోవాలని రాజు ఆజ్ఞాపించాడు. బయట వరద బురద తప్ప మరేమీ లేదు. అప్పుడు పైడి ముందుకు వచ్చి, కొండల అవతల ఉందని అందరూ చెప్పుకొనే, నల్లుల్ని చంపే వెండి వావిలి ఆకు తెస్తానంది. దానికోసం వెళ్లిన భటులు ఒక్కరూ తిరిగి రాలేదని రాజు హెచ్చరించాడు. పైడి తల్లికి దణ్ణం పెట్టి బయలుదేరింది.

దారిలోని అడవికి ముళ్లకంపే గోడ. దాని ముందు ఎడ్లబండంత అలుగు జంతువు ఒకటి మూలుగుతూ పడి ఉంది. ఇనుపరేకుల్లాంటి దాని పొలుసుల సందుల్లో ముళ్లు విరిగి దిగబడ్డాయి. పైడి కూర్చుని, నులక చిక్కు విడదీసే ఓపికతో ఒక్కొక్క ముల్లూ లాగింది. అలుగు లేచి, ముళ్లగోడలో దొర్లుకుంటూ ఆమెకు దారి చేసి పెట్టింది.

కొండ కనుమలో ఒక రాక్షసి కూర్చుని ఉంది. చుట్టూ భటుల తలపాగాలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి.

"పిల్లా, మీ ఇంట నల్లులున్నాయా?" అని రాక్షసి అడిగింది.

లేవంటే పరువు దక్కుతుంది. కానీ పైడికి తమ్ముడి వీపు కళ్ల ముందు కదిలింది.

"ఉన్నాయమ్మా. మా ఇంటే కాదు, మా మేడంతా ఉన్నాయి."

"నీకంటే ముందొచ్చిన మీసాలోళ్లు ఒక్కడూ ఒప్పుకోలేదు. ఒళ్లంతా గోక్కుంటానే లేవన్నారు," అంది రాక్షసి మొహం వికారంగా పెట్టి. "అబద్ధాలాడేవోళ్లు తినడానికీ చేదే. పో, నీకు దారిస్తన్నాను."

కనుమ దాటితే ఒక ముసలి తాపసురాలి ఆశ్రమం కనిపించింది. దాని వాకిట్లోనే వెండి వావిలి వెన్నెల ముద్దలా మెరుస్తోంది. తాపసురాలు ఆకు కోసి ఇస్తూ ఇలా చెప్పింది:

"మీ మేడ గోడల్లో నల్లుల రాణి ఉంది తల్లీ. మీరు దాచిపెట్టడమే దానికి కోట. మంచాలన్నీ ఒకే రోజు ఎండలో వేసి ఈ ఆకు కాచిన నీళ్లు పొయ్యాలి. పొయ్యబోయే ముందు ప్రతి ఇంటివాళ్లూ తమ ఇంట్లో నల్లులున్నాయని తమ నోటితో చెప్పాలి. ఒక్క ఇల్లు దాచినా ఈ ఆకు ఉత్త గడ్డి."

పున్నమి ఉదయానికి పైడి మేడ చేరింది. రాజుగారి ఎదుట వాకిట్లో కాగులు పెట్టారు. మొదట సన్యాసమ్మ చెప్పింది. తరవాత ఒక్కొక్కరే మంచం దించి, తల దించి, అదే మాట నసిగారు. సాయంత్రానికి భూపతిరాయుడి ఇల్లొక్కటే మిగిలింది. ఆ రోజు వాళ్లింటికి కూతుర్ని చూడడానికి పెళ్లివారు వచ్చి ఉన్నారు.

"మా ఇంట్లో నల్లుల్లేవు ప్రభూ," అన్నాడు అతడు.

ఆ మాటతో కాగుల్లో ఆకు నల్లబడసాగింది. పై అంతస్తు గోడ పగిలి, కోడిపెట్టంత నల్లుల రాణి తాపీగా గుమ్మం మీదికి ఎక్కి కూర్చుంది.

పైడి మెట్లెక్కి వెళ్లింది. పెళ్లికూతురు చేతులకు భుజాల దాకా పసుపు మందంగా పూసి ఉంది. పైడి ఆ చేతుల వంక చూసి, రాయుడి భార్య అచ్చియ్యమ్మతో మెల్లగా అంది:

"అమ్మా, ఆ పసుపు కింద దద్దుర్లని అత్తారింటిదాకా దాచగలరా?"

అచ్చియ్యమ్మ కింద వాకిట్లో ఉన్న మొగుడి వంక చూడలేదు. "ఉన్నాయి," అంది అందరికీ వినబడేలా. "మొదట్నించీ ఉన్నాయి. కిందికి తోసిందీ మేవే."

కాగుల్లో ఆకు మళ్లీ తెల్లగా మెరిసింది. మంచాలన్నిటి మీదా మరుగునీళ్లు పోశారు. పైడి ఒక చెంబుడు పైకి తెచ్చి పొయ్యగానే నల్లుల రాణి పగిలి మసైపోయింది. పెళ్లికొడుకు తల్లి మెడ గోక్కుంటూ దగ్గరికొచ్చి, కాస్త ఆకు మిగిలితే తమ ఇంటికీ ఇమ్మని పైడి చెవిలో అడిగింది. పెళ్లి కుదిరింది.

రాజు పైడిని మేడపెద్దను చేసి, ఇంకేం కావాలో కోరుకోమని సన్యాసమ్మను అడిగాడు.

"నల్లులు మావల్ల రాలేదన్న మాట వీళ్ల నోటితో ఒక్కసారి అనిపించండి బాబూ. అది చాలు," అందామె.

నల్లులున్నాయని చెప్పగలిగిన నోళ్లు ఆ మాట దగ్గర మూతపడ్డాయి. కొందరు కాగులు కడగడానికి వెళ్లారు. రాజు కూడా ఆకాశం వంక చూశాడు. తీర్పు చెప్పింది తానే కదా.

సన్యాసమ్మ అప్పన్నను ఎత్తుకుని గదిలోకి వెళ్తూ, ఇక నుంచి ఎవరి మంచం వాళ్లే అల్లుకోండని చెప్పింది. మేడపెద్దగా పైడి ఆ మాటనే ఆజ్ఞ చేసింది.

నులక తెగిన ఇళ్లవాళ్లు చాలాకాలం నేల మీదే పడుకున్నారు. నల్లులు లేవు గనక బాగానే నిద్రపట్టింది, నడుములే పట్టేశాయి. అచ్చియ్యమ్మ ఒక్కతే ఒకనాడు పైనుంచి దిగి వచ్చి, అడుగు గది గుమ్మంలో నిలబడి, తప్పు మాదేనని చెప్పింది. సన్యాసమ్మ పక్కకు జరిగి చోటిచ్చి, ఆమె చేతికి నులక కొస అందించింది.