స్టీరింగుకు కట్టిన ఎర్రగుడ్డ

శనివారం ఉదయం ఏడున్నర. కొండాపూర్ మండలంలో ఊరి చివరి షెడ్డు. లోపల పాతకాలపు పెట్రోల్ జీపు, బానెట్ ఎత్తి ఉంది. బానెట్ కింద ఇంజన్ లేదు.

సబ్ ఇన్‌స్పెక్టర్ అరుణ టార్చి వేసి వంగి చూసింది. బోల్టులు వరసగా విప్పి ఉన్నాయి. వైర్లు కోసినవి కావు, ఊడదీసినవి. రేడియేటర్‌ని జాగ్రత్తగా గోడకు ఆనించారు. వచ్చినవాడు తొందర పడలేదు. పని తెలిసినవాడు.

జీపు యజమాని వీర్రాజు ఒక స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నాడు. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం కోసం వచ్చి పటాన్‌చెరులో స్థిరపడిన మనిషి. ఒక ప్రభుత్వ కర్మాగారంలో ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. ఈ జీపు అక్కడి వేలంలోనే కొన్నాడు. ఇరవై ఏళ్లు కదలకుండా పడి ఉన్న బండి. ఏడాదిగా దాని ఇంజన్‌ని బతికించే పనిలో ఉన్నాడు. రేపు ఆదివారం, తన దగ్గర పని నేర్చుకున్న పాత అప్రెంటిస్‌లందరి ముందు స్టార్ట్ చేస్తానని పిలుపులు కూడా పిలిచాడు.

మాట్లాడుతున్నది మాత్రం ఆయన కొడుకు మహేంద్ర.

"తాళంచెవులు రెండే మేడం. ఒకటి నాన్న దగ్గర, ఒకటి శివకుమార్ దగ్గర. తాళం పగలలేదు. అతని మేనమామకు పటాన్‌చెరులో స్క్రాప్ షాపు ఉంది. ఇంకేం కావాలి?"

"శివకుమార్ ఎవరు?"

"ఈ షెడ్డు మాకు కిరాయికిచ్చిన కొమురయ్య కొడుకు. బొల్లారంలో మందుల కంపెనీలో కాంట్రాక్టు మీద చేస్తాడు. ఖాళీ ఉన్నప్పుడు వచ్చి నాన్నతో ఈ బండి పని చేసేవాడు."

అరుణ వీర్రాజు వైపు తిరిగింది. "మీకు ఆయన మీద డౌట్ ఉన్నదా సార్?"

వీర్రాజు నేల చూశాడు. "నాకేం తెలీదండి."

ఫిర్యాదులో శివకుమార్ పేరు మహేంద్ర రాశాడు. కింద సంతకం వీర్రాజు పెట్టాడు. పెన్ను తిరిగివ్వకుండా తన జేబులో పెట్టుకున్నాడు. అంత ఇష్టమైన వస్తువు పోయింది, పరధ్యానం ఉండదా అనుకుంది అరుణ.

ఎనిమిది గంటలకు శివకుమార్ నైట్ డ్యూటీ దిగి కంపెనీ బస్సులో వచ్చాడు. స్టాపులోనే కానిస్టేబుల్ యాదగిరి అతని భుజం మీద చెయ్యి వేశాడు. బస్సులో ఉన్నవాళ్లు కిటికీల్లోంచి చూశారు. హోటల్ ముందు టీ తాగేవాళ్లు గ్లాసులు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

స్టేషన్‌లో అతన్ని గోడవారగా కింద కూర్చోబెట్టారు. చెప్పులు తీయించారు. ముప్పై దాటిన మనిషి, ఒంటి మీద కంపెనీ యూనిఫాం, కింద ఒట్టి కాళ్లు.

గుమ్మం దగ్గర అతని తండ్రి కొమురయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, మీరు ఏమన్న అనుండ్రి. కేసు మాత్రం రాయకుండ్రి. ఎనిమిదేండ్ల సంది కాంట్రాక్టుల చేస్తుండు. ఇప్పుడే పర్మనెంట్ లిస్టుల పేరొచ్చింది. సోమవారం పోలీస్ వెరిఫికేషన్ ఈ ఠాణా నుంచే పోవాలె. కేసుంటే ఇగ నౌకరి లేదు."

"తప్పు చేయకపోతే భయమెందుకు?" అంది అరుణ. అందరితో అనే మాటే. అలవాటుగా వచ్చేసింది.

ప్రశ్నలు మొదలయ్యాయి.

"ఇంజన్ ఏడున్నది?"

"నాకు తెల్వదు మేడం."

"షెడ్డుకు ఆఖరుసారి ఎప్పుడు పోయినవ్?"

"బుధవారం."

"నిన్న?"

"నిన్న పొద్దుగాల్ల కంపెనీకి పోయిన. డబుల్ డ్యూటీ. ఇయ్యాల, రేపు ఛుట్టీ కావాలంటే ముందుగాల చేసియ్యాలె. గేటు కాడ పంచ్ ఉంటది, చూడుండ్రి."

"తాళంచెవి మీ మామకిస్తే చాలు గద."

"నా జేబుల్నే ఉన్నది మేడం." తీసి చూపించాడు.

"బుధవారం ఏం పని చేసినవ్?"

"ఇంజన్ లోపట కడిగేతందుకు ఫ్లషింగ్ ఆయిల్ పోసినం. తిప్పి, మొత్తం కిందికి దింపేసిన. ఫిల్టర్ రావాల్సి ఉండె. కొత్త ఆయిల్ ఇయ్యాల సార్, నేను కలిసి పోద్దామనుకున్నం."

ఎవరూ అడగకుండానే మొదలుపెట్టాడు.

"మొదాట్ల పిస్టన్లు పట్టేసి ఉండె మేడం. ప్లగ్గులు తీసి డీజిల్, ఆయిల్ కలిపి పోసి నానబెట్టినం. దినాం హ్యాండిల్ పెట్టి జెర తిప్పి చూసేది. కదలకపోయేది. జోరు చెయ్యకు, విరుగుతది అంటుండె సార్. నెలన్నరకు ఒకరోజు వేలెడంత కదిలింది. ఆ దినం సార్ నాకు మిర్చిబజ్జి తినిపిచ్చిండు."

అలా చెబుతూ నవ్వాడు. ఎక్కడ కూర్చున్నాడో గుర్తొచ్చి నవ్వు ఆపేశాడు. అరుణ కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"మేడం, ఒక్క మాట అడుగుత. స్టీరింగుకు ఎర్రగుడ్డ ఉన్నదా?"

"ఎందుకు?"

"ఆయిల్ దింపినంక నేనే కట్టిన. సార్ వాళ్ల ఫ్యాక్టరీల గట్లనే రూలట. మిషన్ల ఆయిల్ లేకుంటే ఎర్రగుడ్డ కట్టాలె. గుడ్డ ఉన్నంతసేపు ఎవ్వరు స్టార్ట్ చెయ్యద్దు. పని అయినంక విప్పి మేకుకు తగిలెయ్యాలె. నాకు సారే నేర్పిండు."

అరుణ కళ్లు మూసుకుని షెడ్డుని గుర్తు చేసుకుంది. స్టీరింగు మీద గుడ్డ లేదు. తలుపు పక్కన మేకుకు ఎర్రదేదో వేలాడుతూ ఉంది.

పదకొండు గంటలకు మళ్లీ షెడ్డుకు వెళ్లింది. ఈసారి యాదగిరిని బయటే నిలబెట్టింది.

ముందు నేల చూసింది. నల్లరేగడి. గురువారం రాత్రి వాన పడింది. బురదలో వీర్రాజు స్కూటర్ జాడ, మహేంద్ర కారు జాడ, పోలీసు బండి జాడ. అంతే. ఆ ఇంజన్ నలుగురు మోసే బరువు. ట్రాలీ ఆటో జాడ ఎక్కడా లేదు.

తర్వాత జీపు వెనక్కి వెళ్లింది. పొగ గొట్టానికి ఎదురుగా సున్నం గోడ. దాని మీద నల్లటి మసి, పళ్లెమంత. కింద ఎండిన మట్టి పెళ్లలు. ఒకటి తీసి చూసింది. లోపల గదులు గదులుగా ఉంది. కందిరీగలు కట్టిన గూడు.

మూలన కొత్త ఆయిల్ డబ్బా. సీలు తీయలేదు.

పైన దూలంలా ఇనప గడ్డర్, దానికి బరువులెత్తే చైన్ పుల్లీ. ఒకప్పుడు ఇది బోరు మోటర్లు రిపేరు చేసిన షెడ్డు. గడ్డర్ వెనక తలుపు దాటి బయటికి పోయింది. ఆ చివర కింద వాడకం లేని నీళ్ల సంపు. సంపు మీద సిమెంటు మూత. మూత చుట్టూ గడ్డి నలిగి ఉంది.

అరుణ మూత ఎత్తించలేదు. అందరినీ పిలిపించమంది.

పన్నెండున్నరకు అందరూ వచ్చారు. వీర్రాజు అదే స్టూలు మీద. వెనక మహేంద్ర. గుమ్మం దగ్గర కొమురయ్య. శివకుమార్ చెప్పులు యాదగిరి తిరిగిచ్చాడు గాని అతను వేసుకోలేదు, చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఈ గోడ మీద మసి చూడుండ్రి" అంది అరుణ. "గొట్టంల కందిరీగల గూడు ఉండె. అది పేలి గోడకు తాకింది, దాని మీదికెల్లి పొగ కొట్టింది. అంటే ఇంజన్ పోకముందు ఇక్కడ్నే నడిచింది."

"నడిచిందా?" మహేంద్ర తెల్లబోయాడు. "ఇంకా స్టార్టే చేయలేదు కదా మేడం."

"చేసిన్రు. ఆయిల్ డబ్బా సీలు అట్లనే ఉన్నది. ఆయిల్ లేకుండ నడిపిన్రు. ఇగ ఎర్రగుడ్డ సంగతి. ఇంజన్ ఎత్తుకపోయేటోనికి స్టీరింగుతోని పనేంది? గుడ్డ ఎందుకు విప్పుతడు? సీట్ల కూసొని స్టార్ట్ చేసేటోడే విప్పాలె. దొంగయితే విప్పినా కింద పారేస్తడు. ఈ గుడ్డ మడతపెట్టి మేకుకు తగిలేసి ఉన్నది. ఆ అలవాటు ఇద్దరికే ఉన్నది. ఒకరు ఆయిల్ దింపిన మనిషి. ఆయిల్ లేదని తెలిసి స్టార్ట్ చెయ్యడు. ఇంకొకరు..."

"చాలమ్మా" అన్నాడు వీర్రాజు. లేచి నిలబడ్డాడు. "నేనే."

మహేంద్ర తండ్రి వైపు తిరిగాడు.

"నిన్న పొద్దున వచ్చాను. రేపు అంతమంది ముందు స్టార్ట్ కాకపోతే ఎలాగని భయం. ఒక్కసారి చూసుకుందామనుకున్నాను. గుడ్డ చూశానండి. ఇవాళ్టిదాకా ఆగకుండా శివ ముందే ఆయిల్ పోసేసి, గుడ్డ విప్పడం మరిచిపోయాడనుకున్నాను. ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ తీసి చూడలేదు. ఆయిల్ మీటర్లో ముల్లు లేవలేదు. పాత మీటర్ కదా, పనిచేయట్లేదనుకున్నాను. ఎంతమంది కుర్రాళ్లను తిట్టానో, ముందు ఆయిల్ చూడరా అని. నేను చూడలేదు."

బానెట్ కింది ఖాళీ వైపు చూశాడు.

"ఉన్నట్టుండి పట్టేసింది. లోపలంతా కాలిపోయింది. అప్రెంటిస్‌లకు ఏమని చెప్పను? సాయంత్రం దాకా కూర్చుని విప్పాను. పుల్లీతో సంపులోకి దింపాను. దొంగతనం ఉంటుంది, దొంగ ఉండడు అనుకున్నానండి. మావాడు శివ పేరు రాస్తుంటే వద్దనలేకపోయాను. సంతకం పెట్టాను."

యాదగిరి సంపు మూత ఎత్తాడు. అడుగున పొడి నేల మీద ఇంజన్ ఉంది. దాని మీద టార్పాలిన్ కప్పి, అంచులు తాడుతో కట్టి ఉన్నాయి. పాడైపోయిన ఇంజన్‌ని కూడా ఆయన తడవనివ్వలేదు.

మహేంద్ర శివకుమార్ దగ్గరికి వెళ్లాడు. అతని చేతిలోని చెప్పులు చూసి తల దించుకున్నాడు.

"తప్పుడు ఫిర్యాదుకు కూడ కేసుంటది సార్" అంది అరుణ.

"రాయండమ్మా" అన్నాడు వీర్రాజు.

ఆమె రాయలేదు. బస్సు స్టాపులో పట్టుకురమ్మన్నది తను. చెప్పులు తీయిస్తుంటే చూస్తూ ఊరుకున్నదీ తనే. "సోమవారం నీ కాగితం నేనే పంపుత శివకుమార్" అంది. ఆ మాట తన చెవికే చాలా చిన్నదిగా వినిపించింది.

కొమురయ్య ముందుకొచ్చాడు. కోపంగా కూడా లేడు. "కాగితం పంపుతరు మేడం. బస్సు కాడ అందరు చూసిన్రు గద. ఆడ ఎవరు చెప్తరు?"

"నేను చెబుతానండి" అన్నాడు వీర్రాజు. "సోమవారం బస్సు దగ్గరికి వచ్చి నేనే చెబుతాను. రేపు వచ్చేవాళ్లకూ చెబుతాను."

శివకుమార్ సంపు అంచున వంగి నిలబడ్డాడు. సంపులోకి చూస్తున్నాడు.

"నడిచిందా సార్?" అన్నాడు.

"నడిచిందిరా."

"ఎంతసేపు?"

"రెండు మూడు నిమిషాలు. మొదట దగ్గింది. తర్వాత నాలుగు సిలిండర్లూ అందుకున్నాయి. కుట్టుమిషన్‌లాగా మెత్తగా..." వీర్రాజు ఆపేశాడు.

శివకుమార్ ఆయన ముఖంలోకి చూశాడు. "నేను లేకుండనే స్టార్ట్ చేసిన్రా?"

వీర్రాజు చూపు సంపులోని ఇంజన్ మీదికి దించాడు.

"స్టార్ట్ కాకపోతే నీ ముందు సిగ్గుపడాల్సి వస్తుందని, రా."

"నా ముందట మీకు సిగ్గేంది సార్?" అన్నాడు శివకుమార్.

చెప్పులు చేతిలోనే ఉంచుకుని తండ్రి వెంట బురదలోకి దిగి నడిచాడు.