మూడు రాత్రుల అద్దె

చిత్తూరులో మురకంబట్టు వైపు పోయే ఒక సందులో, పొద్దుగూకినాక ఆ ఇంటి ముందు సైకిలు దిగేవాళ్ళు లేరు. దిగడం అటుంచి, బెల్లు కూడా కొట్టకుండా తొక్కేసేవాళ్ళు. పెరట్లో చేదబావి ఉంది. అందులో పడి చచ్చిన కోడలు, నడిరేయి దాటాక పసిబిడ్డ కోసం ఏడుస్తుందట. మూడేళ్ళలో మూడు సంసారాలు దిగి, మూడూ ఖాళీ చేసి పోయాయి. చివరివాళ్ళు దండెం మీది బట్టలు దండెం మీదే వదిలి పరిగెత్తారట.

అలాంటి ఇంటి తాళంచెవి యోగానంద తనంతట తానే పోయి అడిగాడంటే, పిచ్చి పట్టి కాదు. ఇల్లు దొరక్క.

ఎనిమిదేళ్ళు ఒకరి షాపులో మోటార్లకు తీగ చుట్టి, రెండువేల రెండులో సొంతంగా మోటార్ల రిపేరు బంకు పెట్టుకున్నాడు. చేతినిండా పనే. కానీ ఏ ఇల్లు అడగబోయినా ఒకటే ప్రశ్న.

"యాడ పని చేస్తావబ్బా?"

"సొంత పనే సార్. మోటార్లు..."

"ఓ... నెలజీతం రాదా!"

అంతే, తలుపు పడేది. జీతానికి ఉన్నప్పటికంటే ఇప్పుడే ఎక్కువ వస్తోందని చెప్పినా నమ్మే నాథుడు లేడు.

కాన్పుకు పోయిన భార్య రేవతి అయిదు నెలలుగా పుట్టింట్లోనే ఉంది. బిడ్డను యోగానంద ఎత్తుకున్నది ఒక్కసారే. అత్త చంద్రకాంతమ్మ తెగేసి చెప్పింది. "నువ్వే బంకులో పండుకుంటాండావు, బిడ్డను యాడ పండబెడతావు నాయనా? శుక్రవారం లోపల ఇల్లు సూసుకో. అది తప్పితే ఆషాఢం. మళ్ళా నెల దాకా పంపించేది లేదు."

ఇంటి ఓనరు సుందరరాజు తలపంకించాడు. "మూడు రాత్రులు ఒంటిగా పండుకో. నిలబడితివా, అడ్వాన్సు లేకుండా ఇల్లు నీకే."

అవసరం వస్తే వసుదేవుడంతటివాడు గాడిద కాళ్ళు పట్టుకున్నాడు. యోగానంద తాళంచెవి పట్టుకున్నాడు.

మొదటి రాత్రి. పన్నెండు దాటింది. కుక్కలు కూడా సద్దుమణిగాయి...

కీ...ర్... కీ...ర్...

పెరట్లోంచి. సన్నగా, తెంపులు తెంపులుగా — ఏడుపు!

దుప్పటి ముసుగు పెట్టి ఆంజనేయ దండకం అందుకున్నాడు. సగంలో మరిచిపోయి మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాడు. తెల్లారేదాకా అదే పని.

రెండో రాత్రి కిటికీ రెక్క వేలెడంత తెరిచి చూశాడు. కటిక చీకటి. బావి గట్టు దగ్గర తెల్లటిదేదో వంగింది... లేచింది... మళ్ళీ వంగింది. కింద కాళ్ళు కనబడలేదు.

యోగానంద ఒక్క ఉరుకున వీధి తలుపు దగ్గరికి వచ్చిపడ్డాడు. గడియ మీద చెయ్యి వేశాడు. తీస్తే బయటపడతాడు. తీస్తే ఇల్లు పోతుంది... బిడ్డ రాదు. చెయ్యి అక్కడే ఆగిపోయింది. భయం కంటే దుఃఖమే ఎక్కువైంది. గోడకానుకుని కూలబడి, తెల్లవార్లూ అక్కడే కూర్చున్నాడు.

మూడో రాత్రి.

కీ...ర్... కీ...ర్...

చెవులు మూసుకోబోయి ఆగాడు. మోటారు విప్పకముందే రొద విని రోగం చెప్పే చెవి అది. ఏడ్చే మనిషికి ఊపిరి అందదు, గొంతు జీరబోతుంది, ఏడుపు మారుతుంది. ఇది మారడం లేదు. చుట్టుకొకసారి, ఒకే చోట, ఒకే కీచు... గొంతు కాదది. ఇనుము — గ్రీజు లేక అరిగిన ఇరుసు!

టార్చిలైటు, గ్రీజు డబ్బా తీసుకుని పెరటి తలుపు తీశాడు.

"ఎ... ఎవురది?"

శబ్దం ఆగింది. తెల్లటిది కదల్లేదు. టార్చి నొక్కాడు.

వెనక సందులో ఉండే ముసలమ్మ వరదమ్మ! తెల్లచీర, చేతిలో చేంతాడు. ఆమె వెనక, కూలిన ప్రహరీ సందులో ఇంకో నలుగురు ఆడవాళ్ళు, చంకల్లో ప్లాస్టిక్ బిందెలు.

"లైటు ఆర్పు నాయనా..." గుసగుసగా అంది వరదమ్మ. "కొళాయి వచ్చి పదకొండు దినాలాయ."

యోగానంద గ్రీజు డబ్బా మూత తీసి గిలక మీదికి చెయ్యి చాపాడు. ఆమె గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది. తడి చెయ్యి, చల్లగా తగిలింది.

"గ్రీజు పెట్టొద్దు! ఆ అరుపే మాకు కాపలా."

"మరి... ఆ కోడలు?"

"తొలుత దిగినోళ్ళు బావికి మూత బిగించి మమ్మల్ని తరిమినారు. అప్పుడు పుట్టింది నా నోట్లో, ఆ కోడలు. సుందరరాజుకు చెప్పొద్దు నాయనా. తెలిస్తే బావికి తాళమేస్తాడు."

యోగానంద ఆమె చేతిలోని తాడు అందుకున్నాడు. "బిందెలు ఇట్ల పెట్టండమ్మా" అని తనే చేదడం మొదలుపెట్టాడు. గిలక అరుస్తుంటే మూడు రాత్రుల్లో మొదటిసారి నవ్వొచ్చింది.

శుక్రవారం తెల్లారింది. పాలు పొంగించడానికి కొత్త గిన్నె కడుగుతుండగా సుందరరాజు వచ్చాడు. వెంట ఇస్త్రీ చొక్కా మనిషి ఒకాయన.

"నిలబడినావే, మొగోడివప్పా! దెయ్యం గియ్యం లేదని తేలిపోయింది కదా." సుందరరాజు సకిలించాడు. "ఈ సారు బ్యాంకులో పని చేస్తాడు. నెలనెలా జీతం. ఇల్లు ఈయనకిద్దామనుకుంటాండా. నీకింకోటి సూద్దాంలే."

యోగానందకు ఒళ్ళు మండిపోయింది. రేవతి ఈపాటికి బిడ్డతో బస్సెక్కి ఉంటుంది. ప్రహరీ అవతల అంట్లు తోమే చప్పుడు కూడా ఆగిపోయింది. గిన్నె కింద పెట్టి, చేతులు తుడుచుకున్నాడు.

"ఉండాది సామీ."

"ఏంది?"

"మూడు రాత్రులూ వచ్చింది. తెల్లచీర. రాత్రి నా చెయ్యి పట్టుకునింది... సల్లగా."

బ్యాంకాయన ఒక మెట్టు దిగాడు. సుందరరాజు గుటక మింగాడు.

"మరి... నువ్వెట్ల ఉండావప్పా?"

"నాతో మాట్లాడింది సామీ. నా మీద కోపం లేదంట." యోగానంద గొంతు బాగా తగ్గించి, బ్యాంకాయన వైపు జాలిగా చూశాడు. "నెలజీతం వచ్చేవాళ్ళంటేనే దానికి పడదంట."