గోవిందమ్మ ఇంట్లో ఇసుర్రాయి

తాండూరులో బండల గనుల పక్కన ఒక వాడ ఉంది. అందులో నాగవ్వ ఇంటికీ అలీమాబీ ఇంటికీ నడుమ ఒక పాడుబడ్డ ఇల్లు. పొద్దుగూకాక దాని ముందు నుంచి ఎవరూ నడిచేవారు కాదు. లోపల మనిషి లేడు, దీపం లేదు... కానీ ఇసుర్రాయి తిరిగేది. గర్... గర్... అని, గింజ లేకుండా రాయి రాయిని నమిలే చప్పుడు.

ఇది డెబ్బై ఎనిమిదో, డెబ్బై తొమ్మిదో నాటి మాట. నేను విన్నదే చెబుతున్నాను. అప్పటికే ఊళ్లో పిండిగిర్ని పడింది, ఇంకా ఇసుర్రాయితో పనేమిటంటారా? ఆ వాడలో ఉండేది.

ఆ ఇంట్లో గోవిందమ్మ కాపురం చేసేది. మొగుడు జనార్దన్ గనిలో మేస్త్రీ. బయట నోట్లో నాలుక లేనివాడు. ఇంట్లో మాత్రం చేతికేది దొరికితే దానితోనే కొట్టేవాడు. ఒకరోజు గోవిందమ్మ కమిలిన మొహంతో గోడ దగ్గరికొచ్చి నాగవ్వను బతిమాలింది.

"నాగక్కా, నా మొత్తుకోలు బజార్ల పడితే ఇజ్జత్ పోతది. మా నాయినకు తెలిస్తే గుండె పగిలి సస్తడు. మా ఇంటాయన కొట్టుడు మొదలువెట్టంగనే నువ్వు జర ఇసుర్రాయి తిప్పు."

నాగవ్వ తిప్పింది. మంచిపనే అనుకుంది. ఇంటి గుట్టు లంకకు చేటని సామెత ఉండనే ఉంది కదా! క్రమంగా వాడ వాడంతా అదే అలవాటైంది. ఒక ఇంట్లో దెబ్బ పడితే పక్కింట్లో రాయి తిరిగేది. పిండి రాలకపోయినా పరువు నిలిచేది.

చివరి రాత్రి గోవిందమ్మ గోడ అవతలి నుంచి పిలిచింది.

"నాగక్కా... ఓ నాగక్కా..."

రాయి తిప్పమంటోందనుకుంది నాగవ్వ. ఇంకా గట్టిగా తిప్పింది.

తెల్లారి గోవిందమ్మ గని గుంట నీళ్లలో తేలింది. కాలు జారిందన్నాడు జనార్దన్. పోలీసు జమేదారు వచ్చి నాగవ్వను అడిగాడు. "జొన్నలు ఇసురుతున్న సారూ, నాకేం ఇనవడలే" అంది. ఆ ఒక్కమాటే ఆనాటి నుంచి ఆమెను పురుగులా తొలిచేస్తోంది. జనార్దన్ ఎటో వెళ్లిపోయాడు. ఏళ్లు గడిచి ఇల్లు పాడుబడింది, గోవిందమ్మ ఇసుర్రాయి మాత్రం అందులోనే ఉండిపోయింది.

నాగవ్వ వికారాబాదు స్టేషన్లో సీతాఫలాలు అమ్మి ఆఖరు రైలుకు తిరిగొచ్చేది. ఆ ఇంటి ముందు నుంచి రాకుండా, చుట్టూ తిరిగి వెనకదారిన ఇల్లు చేరేది. దెయ్యం భయం కాదు — మొహం చెల్లక. ఇంట్లో ఉండేది కొడుకు మహేందర్, కోడలు హన్మమ్మ. ఒకరోజు కోడలి కన్ను వాచి ఉంటే, ఏమైందని అడిగింది. "కడప తగిలి పడ్డ అత్తా" అంది హన్మమ్మ. గోవిందమ్మకు కూడా ఎప్పుడూ గడపే తగిలేది... నాగవ్వ ఇంకో మాట అడగలేదు. అడిగితే బాగుండేది.

ఇంకో రోజు గంప పెందలాడే ఖాళీ అయి, ముందు రైలు దొరికింది. తాండూరులో దిగేసరికి అప్పుడే చీకటి పడింది. వెనకదారి నిండా వాన నీళ్లు. ఇక ముందు దారే గతి అయింది.

గర్... గర్...

నాగవ్వ కాళ్లు ఆగిపోయాయి. తన ఇల్లు పక్కనే, ఒక్క పరుగున చేరుకోవచ్చు. కానీ ఎన్నాళ్లని తప్పించుకుంటుంది? గంప దించి, ఆ పాడింటి తలుపు తోసింది.

లోపల — నాగవ్వ ఇంటి వైపు గోడకు ఆనుకుని, తల నిండా కొంగు కప్పుకుని, ఒక ఆడమనిషి. రాయి తిప్పుతోంది.

"గోవిందమ్మా..." నాగవ్వ అక్కడే కూలబడింది. "నాకు ఇనవడ్డది తల్లీ. నువ్వు పిలిచింది ఇనవడ్డది. నేనే రాలే... నన్నేం జేస్తవో జెయ్యి."

రాయి ఆగింది. ఆ మనిషి మెల్లగా ఇటు తిరిగింది...

అలీమాబీ!

"హాయ్ అల్లా! గింత జల్ది వచ్చినవేంది నాగక్కా?" అలీమాబీ గుసగుసలాడింది. "మా ఇంట్ల తిప్పితే చప్పుడు గీడిదాంక చాలుతలేదని, ఈ ఇంట్ల కూసుంటున్న. ఫికర్ జెయ్యకు, వాడల ఎవ్వలికి తెల్వదు. అప్పుడు నువ్వు గోవిందమ్మకు జేసిందే, నేను నీకు జేస్తున్న."

నాగవ్వకు ముందు ఏమీ అర్థం కాలేదు. అంతలో గోడ అవతల, తన ఇంట్లో, దెబ్బ పడిన చప్పుడు. వెంటనే హన్మమ్మ గొంతు.

"అలీమక్కా... ఓ అలీమక్కా..."

అలీమాబీ చేయి అలవాటుగా పిడి మీదికి పోయింది. నాగవ్వ ఆ చేతిని గట్టిగా పట్టుకుంది.

"తిప్పకు. అది రాయి తిప్పుమని పిలుస్తలేదు... రమ్మని పిలుస్తున్నది."

లేచి బయటికి ఉరికింది. తన ఇంటి తలుపును తానే రెండు చేతులా బాదింది.

"మహేందరా! తలుపు తియ్! వాడంత ఇంటున్నది!"

ఒక్కో గడపలోకి ఒక్కో దీపం వచ్చింది. తలుపు తీసిన కొడుకు తెల్లబోయాడు. "మెల్లగనే అమ్మా... బజార్ల ఇజ్జత్ తీస్తవా?"

వాణ్ని తోసుకుని లోపలికెళ్లి, నేల మీద పడి ఉన్న కోడల్ని లేపింది. నడుము చుట్టూ చెయ్యేసి గడప దాటించింది.

"యాడికి?"

"ఠాణాకు."

"కన్నకొడుకును పట్టిస్తవా? నువ్వు జూసినవా, జమేదారుకు ఏమని చెప్తవ్?"

నాగవ్వ వెనక్కి తిరగలేదు.

"చూడలే" అంది. "ఇన్న."